కొనేవాడి కొట్టు నుంచి వెనక్కి: గంజాం తీరంలో ఒక జాలరి ఊరి చెత్త లెక్క

ఒడిశాలోని గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ దాటి ఇచ్ఛాపురం వైపు తీరం వెంట వస్తుంటే వరసగా జాలరి ఊళ్లు తగులుతాయి. ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా, బరంపురం చేపల బజారులో బేరం రెండూ కలిపి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. సరిహద్దు గీత ఎక్కడ పడినా వీళ్ల వలలు, పెళ్లి సంబంధాలు మాత్రం రెండు వైపులా ఉండిపోయాయి. ఆ ఊళ్లలో ఒకదానిలో 2022 నవంబరు నుంచి 2025 జూన్ దాకా, అంటే మూడు టూరిస్టు సీజన్లు, చెత్త ఏరి, వేరుచేసి, అమ్మే పని నడిపించాను. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో వాళ్ల తగాదాలు, డబ్బు లెక్కలు ఉన్నాయి. పేరు పెట్టి వాటిని బయట పెట్టే హక్కు నాకు లేదు.

ఊళ్లో 1,200 మంది జనాభా. సరుగుడు తోట దాటితే విశాలమైన ఇసుక. రెండు చిన్న లాడ్జీలు, చేప వేపుడూ రొయ్య వేపుడూ అమ్మే 14 బళ్లు, కొబ్బరి బోండాల వాళ్లు నలుగురు. గోపాల్‌పూర్‌లో రద్దీ పెరిగాక బరంపురం వాళ్లు, బెంగాలీ టూరిస్టులు, ఇటు శ్రీకాకుళం వైపు కుర్రాళ్లు ఈ ఇసుకకు రావడం మొదలుపెట్టారు. దసరా నుంచి మార్చి దాకా వస్తూనే ఉంటారు. డిసెంబరు ఆఖరు నుంచి సంక్రాంతి దాకా పిక్నిక్‌లు. ఒడియా వాళ్లు భోజి అంటారు. గ్యాస్ పొయ్యి, డేగిసాలు, సౌండ్ బాక్సు తెచ్చుకుని ఇసుక మీదే వండుకుంటారు. జనవరి 1న ఈ ఊరి జనాభా కన్నా ఎక్కువ మంది ఒక్కరోజులో వచ్చి, తిని, వెళ్లిపోతారు.

మా దగ్గర ఉన్నవి ఇవి: ఒక రేకుల షెడ్డు, ఒక తొక్కుడు బండి, కాటా, చేతి తొడుగులు, ఒక దాత ఇచ్చిన ఏడాది ఖర్చు. పనికి ఒప్పుకున్నది మహిళా సంఘంలోని పదిమంది. వాళ్లు చేపలు ఎండబెట్టి అమ్ముకునేవాళ్లు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి కనుక అక్కడ నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరానికి 20 కిలోమీటర్ల లోపు వేట కూడదు. ఆ ఊళ్ల బంధువులు కూడా ఆ నెలల్లో ఇటే వచ్చి పని వెతుక్కుంటారు. అందుకే చెత్త పని అంటే ముఖం చిట్లించకుండా "రోజుకు ఎంత వస్తుందమ్మా?" అని సూటిగా అడిగారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

మొదటి లోడు

మొదట్లో నేను అందరూ చేసేదే చేశాను. మీటింగులు పెట్టాను. ఒడియా, తెలుగు, బెంగాలీ మూడు లిపుల్లో బోర్డులు రాయించాను. రంగు డబ్బాలు పెట్టించాను. ట్రైనింగులో నేర్చుకున్నట్టు తొమ్మిది రకాలుగా వేరు చేయమన్నాను. పాపం, ఆ ఆడవాళ్లు నిజంగానే తొమ్మిది కుప్పలు పెట్టారు. షెడ్డు చూడటానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఫొటోలు బాగా వచ్చాయి.

2023 జనవరిలో పిక్నిక్‌లు అయ్యాక మొదటి లోడు బరంపురం పంపాం. ట్రాలీ ఆటో కిక్కిరిసిపోయింది, పైన తాడు కట్టాం. కబాడీ కొట్టులో, అంటే పాత సామాన్లు కొనే కొట్టులో, తూకం వేస్తే 110 కిలోలు. ఖాళీ లీటరు నీళ్ల సీసా 20 నుంచి 25 గ్రాములు ఉంటుంది. కిలోకు 40 నుంచి 50 సీసాలు కావాలి. సీసాలు తొక్కకుండా, మూతలు బిగించి ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాం. అంటే ఆటో నిండా మేం మోసుకెళ్లింది గాలి.

కొట్టు యజమాని నాలుగు గోతాలు విప్పి నేల మీద పోశాడు. సీసాల్లో ఇసుక, సగం తాగిన నీళ్లు, కొన్నింట్లో నూనె. 15 కిలోలు తరుగు తీశాడు. మిగిలిన 95 కిలోలకు కిలో 16 రూపాయల చొప్పున 1,520 రూపాయలు. ఆటో కిరాయి 1,200. చేతికి మిగిలింది 320. రెండు వారాలు పదిమంది ఎండలో వంగి ఏరిన దానికి 320 రూపాయలు. తిరుగు దారిలో నాతో వచ్చిన ఇద్దరు ఆడవాళ్లూ ఒక్క మాట మాట్లాడలేదు. అది నాకు తిట్టు కన్నా బరువుగా అనిపించింది.

మర్నాడు మళ్లీ ఆ కొట్టుకే వెళ్లాను. ఈసారి సరుకు లేకుండా. రెండు రోజులు అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏది ఎవరు తెస్తున్నారు, దేన్ని పక్కకు విసురుతున్నారు, దేనికి రేటు పెంచి ఇస్తున్నారు, చూశాను. ఈ పనిలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే ఆ రెండు రోజులే. మూడేళ్లలో పనికొచ్చిన నిర్ణయాలన్నీ అక్కడ నుంచే వచ్చాయి.

ఆయనకు కావలసింది చాలా తక్కువ. రంగులేని నీళ్ల సీసాలు విడిగా, రంగువి విడిగా. మూతలు వేరే. పొడి అట్టలు. డబ్బాలు, రేకులు. పగలని బీరు సీసాలు, అదీ లెక్కపెట్టి. బకెట్లు, మగ్గులు, షాంపూ డబ్బాల వంటి గట్టి ప్లాస్టిక్. అంతే. మేం ఎంతో శ్రద్ధగా వేరుచేసిన మిగిలిన కుప్పలు ఆయనకు చెత్తే. తొమ్మిది కుప్పలు ఏడయ్యాయి. ఆ ఏడూ 'అమ్ముడయ్యేవి'. మిగిలినదంతా 'ఖర్చయ్యేది', అంటే తీయడానికి మనమే డబ్బు పెట్టాల్సినది. షెడ్డులో ఈ రెండు మాటలే స్థిరపడ్డాయి. 'రీసైకిల్ అయ్యేది, కానిది' అని నేను వాడిన మాట ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒక వస్తువు ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో మళ్లీ తయారు కాగలగడం వేరు, మన ఊరి నుంచి దాన్ని కొనేవాడు ఉండటం వేరు.

బెండు, వల

ప్లాస్టిక్ రకాలు చెప్పడానికి సీసా అడుగున ఉండే త్రికోణం, అంకె చూపించాను. చిన్న అక్షరాలు, ఎండలో సగం చెరిగిపోయినవి, చదువు రానివాళ్లు. ఆ పద్ధతి నడవలేదు. నడిచింది బకెట్టు నీళ్లు. నీళ్ల సీసా ముక్క మునుగుతుంది, దాని మూత తేలుతుంది. సీసా పెట్ ప్లాస్టిక్, నీటి కన్నా బరువు. మూత పాలీఇథిలీనో పాలీప్రొపిలీనో, నీటి కన్నా తేలిక. వలకు పైన బెండ్లు, కింద సీసం గుళ్లు కట్టే వాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. "మూత బెండు, సీసా గుండు" అని ఒకామె అంది. ఇక నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. పీవీసీ ముక్క కూడా మునుగుతుంది. అది నీళ్ల సీసాల్లో కలిస్తే కరిగించేటప్పుడు మొత్తం సరుకును పాడుచేస్తుంది. అందుకని పైపు ముక్కలు, చెప్పులు అసలు ఆ కుప్ప దగ్గరికి రానివ్వొద్దని ఒక్క నియమం పెట్టుకున్నాం.

గోతాల బదులు పాత వలలతో సంచులు కుట్టాలన్న ఆలోచన కూడా వాళ్లదే. చిరిగిన నైలాన్ వలలు ప్రతి ఇంటి వెనకా ఉంటాయి. వల సంచిలో సీసాలు వేసి ఇసుక మీద ఈడ్చుకొస్తుంటే ఇసుకంతా కన్నాల్లోంచి రాలిపోతుంది. నీళ్లు కారిపోయి, గాలికి ఆరిపోతాయి. లోపల ఏముందో బయటికే కనిపిస్తుంది కనుక కొట్టువాడు విప్పి పోయడు, తరుగు పేరుతో తగువు పెట్టడు. మూత తీసి, మడమతో తొక్కి, వల సంచిలో కుక్కిన రెండో లోడు అదే ఆటోలో 240 కిలోలు పట్టింది. తరుగు 4 కిలోలు. సరుకును నొక్కి మోపులు కట్టే బేలింగ్ మిషను కోసం నేను రాసిన అర్జీ ఇంకా నా సంచిలోనే ఉంది. దాని అవసరం మాకు మళ్లీ కనిపించలేదు. పైగా ఆ ఉప్పు గాలికి మా ఇనుప కాటాయే ఎనిమిది నెలల్లో తుప్పుపట్టి తప్పు తూకం చూపడం మొదలుపెట్టింది. మోటారు, హైడ్రాలిక్స్ ఉన్న మిషను పెట్టుంటే ఎవరు బాగుచేసేవారు?

ఒక్క కొట్టు మీదే ఆధారపడకూడదని ఇచ్ఛాపురంలో ఇంకో వ్యాపారిని చూసుకున్నాం. రెండు రాష్ట్రాల మధ్య సరుకు కదా అని మొదట్లో కొంచెం టెన్షన్ పడ్డాను. కానీ సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఈ-వే బిల్లు 50,000 రూపాయలు దాటిన సరుకుకే. మా లోడు విలువ అందులో పదో వంతు కూడా ఉండదు. సొంత బిల్లు బుక్కు మీద తూకం, రేటు రాసి పంపేవాళ్లం. ఆయన రేటు ఎప్పుడూ గొప్పగా లేదు. కానీ ఆయన ఉన్నాడని తెలిశాక బరంపురం కొట్టులో రేటు మెరుగైంది.

మామ్మ, భాయినా

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి.

మేం రాకముందే ఆ ఇసుక మీద రీసైక్లింగ్ ఉంది. ఒక ముసలావిడ, ఊరంతా మామ్మ అనే పిలుస్తారు, తెల్లవారకముందే గోనె భుజాన వేసుకుని సీసాలు ఏరేది. కొడుకు సముద్రంలో పోయాడు. పింఛను, సీసాలు, అంతే ఆమె బతుకు. ఆమె ఏరినవి ఒక ఒడియా ఆయన సైకిలు మీద వచ్చి కొనేవాడు. అతన్ని భాయినా అనేవాళ్లు, అంటే అన్నయ్య. వారానికి రెండుసార్లు వచ్చేవాడు, పాత ఇనుము, అట్టలు, చిరిగిన వలలు అన్నీ తీసుకునేవాడు, ఒక్కోసారి ముందే డబ్బు ఇచ్చి వెళ్లేవాడు.

సంఘం పని మొదలైనప్పుడు 'బీచి మీద సీసాలు సంఘం వాళ్లే ఏరాలి' అని తీర్మానం రాయించింది నేనే. లెక్క సరిగ్గా ఉండాలని. చెత్త ఏరి బతికేవాళ్లను పనిలో కలుపుకోవాలని అప్పటి 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది. దాన్ని చదివాను, ట్రైనింగుల్లో చెప్పాను కూడా. నా కళ్ల ముందు ఉన్న మనిషి మాత్రం నాకు కనిపించలేదు.

రెండు నెలల తర్వాత షెడ్డు ముందు నుంచి వెళ్తూ మామ్మ ఆగింది. కోపంగా కూడా అడగలేదు. "సీసాలు ఇంక మీవేనా, అమ్మాయ్?" అంది.

ఆ రోజే సంఘాన్ని కూర్చోబెట్టాను. ఒప్పించడం సులువు కాలేదు. "ఇప్పటికే పదిమందిమి, వచ్చేది ఇంతే" అన్నారు. అదీ నిజమే. చివరికి మామ్మకు ఏరే పని కాకుండా వేరుచేసే పని ఇచ్చాం, కూలి అందరితో సమానంగా. ఆమె చేతి పనితనం చూశాకే అందరూ మెత్తబడ్డారు. బకెట్టు నీళ్లు ఆమెకు అక్కర్లేదు. ముక్కను వేళ్లతో నలిపి, చప్పుడు విని చెప్పేది. ఆమె కుప్పలో తప్పు ముక్క దొరకడం చాలా అరుదు. ఇరవై ఏళ్లు కొనేవాడి ముందు కూర్చుని నేర్చుకున్న విద్య అది.

భాయినా అడ్వాన్సుగా ఇచ్చిన డబ్బు మా వల్ల రెండు మూడు ఇళ్లలో ఇరుక్కుపోయింది. ముందు అది తీర్చాం. తర్వాత ఆయనకు రెండు పనులు అప్పగించాం. ఊళ్లోపలి ఇళ్ల పాత సామాన్లు ఎప్పటిలాగే ఆయనవే, సంఘం తాకదు. ఇక లోడు బరంపురం వెళ్లినప్పుడు వెంట వెళ్లి బేరం ఆడటం, దానికి ట్రిప్పుకు ఇంత అని. ఏ కొట్టులో కాటా ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. మొదటి నెలలోనే ఆయన ఇంకో కొట్టు చూపించాడు, అట్టలకు అక్కడ రేటు ఎక్కువ. కొత్త ఊళ్లో ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లు మొదటి వారం అంతా ఇదొక్కటే అడగాలని నా అభిప్రాయం: ఇప్పుడు ఇక్కడ సీసాలు ఎవరు ఏరుతున్నారు, ఎవరికి అమ్ముతున్నారు?

కిలోకా, పూటకా

మొదటి ఏడాది కూలి కిలో లెక్కన ఇచ్చాం. కష్టపడినవాళ్లకు ఎక్కువ వస్తుందని, న్యాయంగా ఉంటుందని అనుకున్నాం. జరిగింది ఏమిటంటే, అందరూ సీసాల వెంట పరిగెత్తారు. చిప్సు ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, కవర్లు ఇసుక మీదే ఉండిపోయాయి. వాటికి తూకమూ లేదు, ధరా లేదు. టూరిస్టు కళ్లకు కనిపించేది అవే. మొగలి పొదల ముళ్లకు కవర్లు చిక్కుకుని జెండాల్లా ఎగిరేవి. అవి విడదీయడానికి పూట పడుతుంది, చేతులు గీరుకుపోతాయి. కిలో లెక్కన దానికి రెండు రూపాయలు కూడా రావు. ఎవరు చేస్తారు?

వానాకాలం ఇంకో రకం. జూలైలో టూరిస్టులు ఉండరు, సరుకు ఉండదు, ఉన్నది తడిసి ఉంటుంది. కిలో లెక్కన ఆ నెలల్లో కూలి దాదాపు సున్నా. ఆ వానాకాలంలో ముగ్గురు పని మానేశారు. వాళ్లను తప్పుపట్టలేను.

రెండో సీజను నుంచి పూట కూలి పెట్టాం. తెల్లవారుజామున అయిదు నుంచి తొమ్మిది దాకా. ఏ రోజు ఏ గుంపు ఏ ముక్క చూడాలో ముందే చీటీ: సరుగుడు తోట, బళ్ల వరస, లాడ్జీల ముందు, ఏటి పాయ దగ్గర. సీజనులో రోజుకు ఎనిమిది మంది, వానల్లో ఇద్దరు, వంతులవారీగా. అమ్మకం డబ్బు వేరే ఖాతాలో వేసి ఏడాదికి రెండుసార్లు అందరూ సమానంగా పంచుకున్నారు.

మరి పూట కూలికి డబ్బు ఎక్కడిది? ఇక్కడే అసలు కష్టం. మా లెక్కల్లో మంచి నెలలో కూడా అమ్మకం డబ్బు కూలి ఖర్చులో అయిదో వంతు దాటలేదు. చెత్త అమ్మి చెత్త పని నడపొచ్చని చెప్పేవాళ్లు ఉన్నారు. ఊరు చిన్నదైతే, కొట్టు దూరమైతే, అది జరగదు. అలా చెప్పి ఆడవాళ్లను పనిలోకి దింపడం అన్యాయం.

స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ రెండో దశలో ఘన వ్యర్థాలకు 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి మనిషికి 60 రూపాయలు, అంతకు మించితే 45 రూపాయల దాకా అప్పట్లో ఇచ్చేవారు. అందులో 30 శాతం పంచాయతీ తనకు వచ్చే ఆర్థిక సంఘం (ఫైనాన్స్ కమిషన్) నిధుల నుంచి పెట్టుకోవాల్సి ఉండేది. మా 1,200 మందికి లెక్క వేస్తే 72,000 రూపాయలు. షెడ్డుకు, బండికి సరిపోతుంది, రోజువారీ కూలికి కాదు. ఇంకో సంగతి, ఆ లెక్క ఊళ్లో నివసించేవాళ్ల మీద వేసింది. జనవరి 1న వచ్చే జనం ఆ లెక్కలో లేరు. చెత్తలో ఎక్కువ భాగం వాళ్లది. టూరిస్టు ఊళ్లకు వేరే లెక్క ఉండాలని నేను వెళ్లిన ప్రతి ఆఫీసులో చెప్పాను, ఇక ముందూ చెబుతాను.

బళ్లవాళ్ల దగ్గర రోజుకు ఇంతని వసూలు చేద్దామని అడిగితే ఒకామె లేచింది. "పారేసేది ఊరికొచ్చినోళ్లు, కట్టేది మేమా?" అంది. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆమె అడిగింది సరైనదే. అందుకే కారు, బస్సుల పార్కింగ్ మీదికి వెళ్లాం. పంచాయతీ పార్కింగ్ చీటీ పెట్టి, అందులో సగం చెత్త పనికి ఇవ్వడానికి ఒప్పుకునేసరికి ఆరు నెలలు పట్టింది. అది వచ్చాక బళ్లవాళ్లు కూడా ఆదివారాలు, పండగల్లో పది రూపాయలు ఇవ్వడానికి ముందుకొచ్చారు. రెండు లాడ్జీల్లో ఒకటి నెలనెలా కడుతోంది. రెండోది రెండేళ్లు రేపు మాపు అని తిప్పింది. ఇప్పుడు వాళ్ల తడి చెత్త మేం తీసుకోవడం లేదు.

గాజు, ఆకు, తడి చెత్త

గాజు సంగతి బాధ పెట్టేది. మొదటి ఏడాది ఇద్దరు పిల్లల కాళ్లు తెగాయి, ఒకడికి కుట్లు పడ్డాయి. పగలని బీరు సీసాలు లెక్కన అమ్ముడవుతాయి, బీరు కంపెనీలు వాటిని కడిగి మళ్లీ నింపుకుంటాయి. క్వార్టరు సీసాలు, పగిలిన పెంకులు ఎవరికీ అక్కర్లేదు. సీసా వెనక్కి తెస్తే రెండు రూపాయలు ఇచ్చే పద్ధతి బళ్ల దగ్గర పెట్టి చూశాం. పని చేయలేదు. సీసాలన్నీ బరంపురంలో కొని కార్లలో తెచ్చుకున్నవి. తమిళనాడులో నీలగిరి కొండల్లో 2022లో ప్రభుత్వ మద్యం దుకాణాలు సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ తెస్తే తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాయి. అక్కడ అమ్మేవాడు ఒక్కడే, కొన్న చోటే ఇవ్వొచ్చు. మా 14 బళ్లతో అది సాధ్యం కాదు.

చివరికి మేం చేసింది చిన్న పని. పనికిరాని ఫైబర్ పడవ ఒకటి ఇసుకలో పడి ఉండేది. అలాంటి పడవ కూడా రీసైకిల్ కాదు, దాని రెజిన్ మళ్లీ కరగదు. దాన్ని రంగు వేసి పార్కింగ్ పక్కకు లాగి గాజు పడవగా పెట్టాం. కార్ల దగ్గరే ఉంది కనుక, చూడటానికి వింతగా ఉంది కనుక జనం వేస్తున్నారు. కుర్రాళ్లు దాని ముందు నిలబడి ఫొటోలు దిగి మరీ వేస్తున్నారు. మూడో సీజనులో పిల్లల కాళ్లు తెగలేదు.

ఒక మంచి మార్పు అసలు ఏరే పని లేకుండా వచ్చింది. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే థర్మకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు దేశమంతా నిషేధం. బళ్లవాళ్లు కాగితం ప్లేట్లకు మారారు. వాటికీ లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, అమ్ముడవ్వవు, కుళ్లవు. పర్లాకిమిడి వైపు నుంచి అడ్డాకు విస్తర్లు వస్తాయి కదా అని ఇద్దరు బళ్లవాళ్లతో మాట్లాడాం. విస్తరి సముద్రపు గాలికి ఎగిరిపోయింది. దొప్ప అయితే వేపుడు బరువుకు నిలబడుతుంది. ఇప్పుడు 11 బళ్ల మీద అడ్డాకు దొప్పలే. బెంగాలీ టూరిస్టులు వాటిని చూసి ముచ్చటపడతారు. వాడాక నేరుగా కంపోస్టు గుంతలోకి.

కంపోస్టు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. లాడ్జీ వంటింటి తడి చెత్త, చేపల తలలు, దొప్పలు, మధ్యమధ్య సరుగుడు ఆకు రాలు, పైన పేడ నీళ్లు. సరుగుడు రాలు లేకపోతే చేపల వాసనకు కుక్కలు తవ్వేస్తాయి, దాన్ని జానెడు మందం కప్పాలి. కొబ్బరి బోండాలు మాత్రం నాలుగు చీలికలు చేసి ఎండబెట్టి పొయ్యిలోకి ఇచ్చాం. గుంతలో వేస్తే ఏడాదైనా అలాగే ఉంటాయి.

వలలు, రేపర్లు

పాత వలలకు ధర ఉంది. సన్నని తీగ వలలు నైలాన్, సీసాల కన్నా కిలోకు ఎక్కువ పలుకుతుంది. కానీ తాళ్లు, బెండ్లు, సీసం గుళ్లు అన్నీ తీసేసి శుభ్రంగా ఇస్తేనే. ఒక్క వల విప్పడానికి ఇద్దరికి సగం రోజు. వేట నిషేధం రోజుల్లో మగవాళ్లు నీడలో కూర్చుని వలలు బాగుచేసుకుంటారు కదా, అప్పుడే పాతవి కూడా విప్పేలా ఒప్పందం చేసుకున్నాం. సీసం గుళ్లు వాళ్లకే, నైలాన్ డబ్బు సగం సగం. అంతకు ముందు ఆ వలలను ఇసుక మీదే కాల్చేవాళ్లు. నల్లటి పొగ ఊరంతా కమ్మేది. ఇప్పుడు అది దాదాపు ఆగింది.

రేపర్లు ఇంకా తీరని సమస్య. చిప్సు ప్యాకెట్టులో ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పూత అతుక్కుని ఉంటాయి, విడదీసేవాడు లేడు, కనుక కొనేవాడు లేడు. సిమెంటు బట్టీల్లో 1,400 డిగ్రీలు దాటే వేడిలో బొగ్గుతో పాటు కాల్చేయడం ఒక దారి. 2022 ఫిబ్రవరి నాటి మార్గదర్శకాల ప్రకారం ఆ ప్యాకెట్లు మార్కెట్లోకి వదిలిన కంపెనీలే వాటి బాధ్యత తీసుకోవాలి. వాళ్ల తరఫున సేకరించే ఏజెంట్లు ఇద్దరితో మాట్లాడాను. లారీ నిండాలి, టన్నుల్లో ఉండాలి అన్నారు. రెండు సీజన్లలో మా దగ్గర పోగైనవి 61 గోతాలు, సుమారు 370 కిలోలు. స్వచ్ఛ భారత్ గ్రామీణ మిషన్‌లో బ్లాకుకు (మన మండలం లాంటిది) ఒక ప్లాస్టిక్ యూనిట్ కోసం 16 లక్షల రూపాయల దాకా ఇచ్చే వీలుండేది. చుట్టుపక్కల పది ఊళ్ల రేపర్లు ఒకచోట చేరితే లారీ నిండుతుంది. ఒక్క ఊరు ఎంత బాగా ఏరినా నిండదు.

ఆ గోతాలే 2024 అక్టోబరులో మాకు పెద్ద పాఠం అయ్యాయి. దానా తుఫాను హెచ్చరిక వచ్చింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ఆ రాత్రి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. షెడ్డు రేకులు లేస్తే ఆ గోతాలన్నీ సముద్రంలోకే. తుఫాను షెల్టరులో పెడదామా అన్నాను. "అది మనుషులకమ్మా" అన్నారు సంఘం వాళ్లు, అంతే గట్టిగా. పాత వలలు రెండు పొరలుగా గోతాల మీద కప్పి, సరుగుడు చెట్లకు పడవ తాళ్లతో కట్టారు. అక్టోబరు 24 రాత్రి తుఫాను ఉత్తరాన ధామ్రా వైపు దాటింది, మాకు వాన, గాలి మాత్రమే తగిలాయి. ఒక్క గోతం కూడా పోలేదు. ఆ తర్వాత ఒక నియమం రాసుకున్నాం: ఏటా సెప్టెంబరు ఆఖరుకు అమ్ముడయ్యే సరుకు షెడ్డులో ఒక్క కిలో కూడా ఉండకూడదు, రేటు తక్కువైనా సరే.

2025 జూన్‌లో నేను పుస్తకాలు సంఘానికి అప్పగించాను. ఖాతా ఇప్పుడు వాళ్లలో ఇద్దరి సంతకాలతో నడుస్తోంది. పది మందిలో ఏడుగురు మొదటివాళ్లే. మామ్మకు చూపు తగ్గింది. పొద్దున్నే వచ్చి కూర్చుని, ఇద్దరు కొత్తవాళ్లకు చప్పుడు విని చెప్పడం నేర్పుతోంది. భాయినా సైకిలు తీసేసి పాత మోపెడ్ కొన్నాడు. 61 గోతాలు షెడ్డు వెనక అలాగే ఉన్నాయి. చుట్టుపక్కల మూడు ఊళ్ల సంఘాలతో కలిసి లారీ మాట్లాడాలని అడుగుతున్నారు, ఆ ఊళ్లకు నాతో పాటు ఇద్దరు వస్తున్నారు. వేట నిషేధం రోజుల్లోనే వల సంచులు కుట్టి పెట్టుకున్నారు, డెబ్బై. పోయిన జనవరిలో యాభై చాలలేదు.